ఎస్వీ రంగారావు నటనపై ఒకరోజు సదస్సు పెట్టాలంటే: ప్రశ్న ఎంచుకోవడం నుంచి వ్యాస సంపుటి దాకా

పాత నటుల మీద మన దగ్గర సభలకేం కొదవ లేదు. జయంతికి ఒకటి, వర్ధంతికి ఒకటి, శతజయంతి వస్తే ఏడాది పొడవునా. వేదిక మీద పన్నెండు కుర్చీలు, ప్రతి కుర్చీకీ ఒక శాలువా, ప్రతి శాలువాకీ "ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేరు" అనే మాట. అందులో తప్పేమీ లేదు. అది సంస్మరణ సభ, దాని పని దానిది. సదస్సు పని వేరు. పొద్దున హాల్లోకి అడుగుపెట్టినప్పుడు ఆ నటుడి గురించి తెలియని సంగతి ఒక్కటైనా సాయంత్రం ఇంటికెళ్లేటప్పటికి శ్రోతకి తెలిసి ఉండాలి. ఆయన గొప్పవాడని అందరికీ తెలుసు. ఎలా గొప్పవాడు, ఏ సీన్‌లో, ఏం చేసి, అన్నదే సదస్సులో తేలాలి.

కాలేజీ తెలుగు శాఖలు, సాహిత్య సంస్థలు, ఫిల్మ్ సొసైటీలు ఒకరోజు సదస్సు పెట్టాలనుకుంటే మొదటి నుంచి చివరిదాకా ఏం చెయ్యాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఉదాహరణకి ఎస్వీ రంగారావుని తీసుకుంటున్నాను. సావిత్రి అయినా, రేలంగి అయినా, సూర్యకాంతం అయినా పద్ధతి ఇదే. చేతిలో కనీసం నాలుగు నెలలు ఉంచుకోండి.

మొదటి అడుగు: ముందు ప్రశ్న, తర్వాతే బ్యానర్

"ఎస్వీ రంగారావు జీవితం – నటన" అని బ్యానర్ కొట్టించారంటే సదస్సు సగం దెబ్బతిన్నట్టే. అంత విశాలమైన శీర్షిక కింద ఎవరేం మాట్లాడినా చెల్లుతుంది కాబట్టి అందరూ ఒకటే మాట్లాడతారు: నూజివీడులో పుట్టారు, ఫైర్ ఆఫీసర్ ఉద్యోగం చేశారు, 'వరూధిని'తో సినిమాల్లోకొచ్చారు, 'పాతాళభైరవి' మాంత్రికుడిగా పేరొచ్చింది. నాలుగో వక్త కూడా ఇదే మొదలుపెడితే వెనక వరసలు ఖాళీ అవుతాయి.

ఒక్క ప్రశ్న రాసుకోండి. ఎస్వీఆర్ విషయంలో నాకు బాగా పనికొస్తుందనిపించేది ఇది: అంత భారీ విగ్రహం, అంత గంభీరమైన గొంతు ఉన్న మనిషి తన భారీతనాన్ని ఎక్కడ వాడుకున్నాడు, ఎక్కడ దాచుకున్నాడు? ఈ ప్రశ్న కింద అన్ని రకాల పాత్రలూ వస్తాయి. 1950లో 'షావుకారు'లో సున్నపు రంగడు, మరుసటి ఏడాది 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు, 1957లో 'మాయాబజార్' ఘటోత్కచుడు, 1963లో 'నర్తనశాల' కీచకుడు, ఇవన్నీ భారీతనాన్ని బయటపెట్టిన పాత్రలు. 'మిస్సమ్మ'లో జమీందారు గోపాలం, 'బంగారుపాప'లో కోటయ్య అదే శరీరాన్ని మెత్తగా చేసుకున్న పాత్రలు. మధ్యలో వయసు సంగతి కూడా ఉంది. 'మిస్సమ్మ' 1955 జనవరిలో విడుదలైంది. ఎస్వీఆర్ పుట్టింది 1918 జులై 3న. అంటే సావిత్రికి తండ్రిగా కనిపించేటప్పటికి ఆయనకి ముప్పై ఆరేళ్లు. ముప్పై ఆరేళ్ల మనిషి కూతురి కోసం బెంగపెట్టుకున్న పెద్దాయనగా ఎలా నమ్మించాడన్నది ఒక్కటే ఒక పూర్తి పత్రానికి సరిపోతుంది.

ప్రశ్న సరైనదో కాదో తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. దానికి "అవును, మహానుభావుడు" అని జవాబిచ్చి ఊరుకోగలిగితే అది ప్రశ్న కాదు, పొగడ్త. సినిమా మళ్లీ పెట్టుకుని చూస్తే తప్ప జవాబు చెప్పలేని ప్రశ్న కావాలి.

రెండో అడుగు: తేదీ, బృందం

ఎస్వీఆర్ జయంతి జులై 3, వర్ధంతి జులై 18. రెండూ ఒకే నెలలో ఉన్నాయి కదా అని జులైలో పెట్టాలనిపిస్తుంది. కాలేజీలో పెట్టేట్టయితే వద్దనే అంటాను. అడ్మిషన్ల హడావుడి, వానలు, కొత్త విద్యార్థులకి ఇంకా శాఖ పేరే సరిగ్గా తెలియదు. జయంతికి ఒక ప్రకటన ఇచ్చి, అదే రోజు పత్రాలకి పిలుపు విడుదల చేసి, సదస్సు మాత్రం నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో పెట్టుకుంటే అన్నీ కుదురుతాయి. పరీక్షల షెడ్యూల్ ఒకసారి చూసుకోండి.

బృందం చిన్నదే మేలు. సమన్వయకర్త ఒకరు, పత్రాలు చదివి ఎంపిక చేసేవాళ్లు ఇద్దరు, హాలు, భోజనం, ప్రయాణాల పని చూసేవాళ్లు ఇద్దరు. వీళ్లు కాక, క్లిప్పుల పని మాత్రమే చూసే మనిషి ఒకరు తప్పనిసరి. ఈ చివరి మనిషిని మన సదస్సుల్లో ఎవరూ పెట్టరు. సరిగ్గా అందుకే "సౌండ్ రావట్లేదు సార్" అనే మాట ప్రతి సదస్సులోనూ వినిపిస్తుంది.

మూడో అడుగు: తేదీల పట్టిక తయారు చెయ్యండి

వక్తల్ని పిలవడానికి ముందే బృందం ఒక కాలపట్టిక రాసుకోవాలి. ఏ సినిమా, ఏ ఏడాది, ఏ భాష, దర్శకుడు, నిర్మాణ సంస్థ, పాత్ర పేరు. అయిదారు పేజీలు చాలు. ఇది తర్వాత అందరికీ పంపాలి. లేకపోతే ఒకే సదస్సులో ఒకే సినిమాకి మూడు విడుదల సంవత్సరాలు వినపడతాయి.

ఎస్వీఆర్ విషయంలో జాగ్రత్త పడాల్సిన చోట్లు కొన్ని చెబుతాను. 'వరూధిని'కి 1946 అని ఒకచోట, 1947 అని ఇంకోచోట కనిపిస్తుంది. నిర్మాణ సంవత్సరం వేరు, విడుదల సంవత్సరం వేరు. మీ పట్టికలో ఏది వాడుతున్నారో పైనే రాసి, దాన్నే అన్ని సినిమాలకీ పాటించండి. 'నర్తనశాల' 1963 అక్టోబర్‌లో వచ్చింది. ఆ పాత్రకి ఉత్తమ నటుడి బహుమతి దక్కిన జకార్తా ఆఫ్రో–ఆసియా చలనచిత్రోత్సవం జరిగింది 1964లో. ఈ రెండేళ్లనీ కలిపెయ్యకండి. ఇక ఆయన మొత్తం ఎన్ని సినిమాల్లో నటించారన్న లెక్క. 'మిస్సమ్మ', 'మాయాబజార్' లాంటివి తెలుగులోనూ తమిళంలోనూ తీశారు, రెండింట్లోనూ ఆయనే ఉన్నారు. వీటిని ఒకటిగా లెక్కపెట్టాలా రెండుగానా అన్నది ముందు తేల్చుకోకుండా ఏ అంకె చెప్పినా గాల్లో మాటే. అసలు అంకె చెప్పాల్సిన అవసరమే లేదు.

ఆధారాల కోసం ఎక్కడికెళ్లాలి? ఇంటర్నెట్‌లో దొరికే వ్యాసాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే ఎక్కువ. వాటికన్నా సినిమా విడుదలైన నాటి పత్రికలు నమ్మదగినవి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభల్లో విడుదల రోజు వేసిన ప్రకటన దొరికితే తేదీ తగాదా అక్కడితో తీరిపోతుంది. పాత సంచికలకి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోట్లు. సినిమా పత్రికల్లో 'రూపవాణి', 'కినిమా', ఆ తర్వాత కాలానికి 'విజయచిత్ర' చూడండి. ఫొటోలు, పోస్టర్లు, ప్రింట్ల కోసం పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి ఉత్తరం రాయొచ్చు. 1964లో మొదలైన ఈ సంస్థ 2022 నుంచి జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) కింద ఉంది. జవాబు రావడానికి టైం పడుతుంది కాబట్టి ఇది మొదటి నెలలోనే పంపాలి.

ఎవరూ పట్టించుకోని ఆధారం ఇంకొకటుంది, సినిమా పాటల పుస్తకాలు. అప్పట్లో థియేటర్ దగ్గర అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో తారాగణం, సాంకేతిక వర్గం, కథాసంగ్రహం, పాటలు ఉంటాయి. టైటిల్స్ అరిగిపోయి చదవడానికి వీలుకాని ప్రింట్లున్న సినిమాలకి ఇవే దిక్కు. తారాగణంలో ఎస్వీఆర్ పేరు ఏ వరసలో వేశారో 1950 నుంచి 1965 దాకా ఈ పుస్తకాల్లో చూసుకుంటూ పోతే, క్యారెక్టర్ నటుడి స్థాయి ఎలా పెరిగిందో కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. ఇదొక పత్రం, కావలసినవాళ్లు తీసుకోండి.

నాలుగో అడుగు: పత్రాలకి పిలుపు, వక్తల ఎంపిక

పిలుపులో ప్రశ్నని ఉన్నదున్నట్టు రాయండి. దాని కింద ఏడెనిమిది ఉపశీర్షికలు ఇవ్వండి. ఎస్వీఆర్ మీదైతే నేను ఇచ్చేవి ఇవి: కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ రోజుల నుంచి రంగస్థలం ఆయన నటనలో ఏం మిగిల్చింది, జానపద, పౌరాణిక ప్రతినాయకులు, సాంఘికాల్లో తండ్రి పాత్రలు, తెలుగు–తమిళ రూపాల పోలిక, రచయితలు పింగళి, సముద్రాల సంభాషణలు ఆయన నోట్లో పలికిన తీరు, కెమెరా ఆయన ఎత్తుని ఎలా చూపించింది, 'చదరంగం', 'బాంధవ్యాలు' తీసిన దర్శకుడిగా ఎస్వీఆర్, కథలు రాసిన ఎస్వీఆర్. చివరిదాని మీద రాసేవాళ్లు తక్కువ కాబట్టి ఒకరిని ప్రత్యేకంగా అడిగి రాయించుకోవాల్సి రావచ్చు.

పత్ర సంగ్రహం 250 మాటలకి మించొద్దని చెప్పండి. అందులో మూడు విషయాలు ఉండాలి: ఏ సినిమాలు, ఏ సీన్లు, ఏం చెప్పబోతున్నారు. సీన్ పేరు లేని సంగ్రహాన్ని వెనక్కి పంపండి. "విశ్వనటచక్రవర్తి ఎస్వీఆర్ – ఒక పరిశీలన" అనే శీర్షిక వస్తే ఏ పరిశీలనో రాయమని మర్యాదగా అడగండి. నా మట్టుకు నేను ఇంకో నియమం కూడా పెడతాను: పత్రంలో బిరుదు ఒక్కసారే. ప్రతి పేరాలోనూ బిరుదు వస్తే ఆలోచించాల్సిన చోట చప్పట్లు వస్తాయి.

టైపింగ్ గురించి పిలుపులోనే తేల్చి చెప్పాలి: యూనికోడ్‌లో పంపండి, దాంతోపాటు పీడీఎఫ్ కూడా పంపండి. చెప్పకపోతే సగం పత్రాలు యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో వస్తాయి. అవి మీ కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్‌తో మార్చొచ్చు గానీ ఒత్తులు చెదిరిపోతాయి, ప్రూఫులు దిద్దేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

వక్తల్లో తెలుగు మేష్టార్లే ఉండకుండా చూడండి. ఒక నాటక నటుడు, ఒక డబ్బింగ్ కళాకారుడు లేదా రేడియోలో పనిచేసిన మనిషి, ఒక ఎడిటరో కెమెరామనో ఉంటే మాటల రంగే మారిపోతుంది. ఎస్వీఆర్ ఒక్క "డింభకా" అన్న పిలుపులో ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో గొంతుతో బతికేవాళ్లు చెప్పగలిగినట్టు మరొకరు చెప్పలేరు. తమిళం బాగా వచ్చినవాళ్లు ఒకరైనా తప్పనిసరి. 'నానుమ్ ఒరు పెణ్', 'పడిక్కాద మేదై' వంటి తమిళ సినిమాలు ఊసెత్తకుండా ఎస్వీఆర్ మీద సదస్సు జరిపితే సగం కెరీర్ వదిలేసినట్టే.

ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం. అయితే ఆ సినిమాల్ని మొదటి విడుదలలో చూసిన ప్రేక్షకులు, టూరింగ్ టాకీసుల్లో ప్రొజెక్టర్ తిప్పినవాళ్లు చాలా ఊళ్లలో ఇంకా ఉన్నారు. విద్యార్థుల్ని ఫోన్ రికార్డర్‌తో వాళ్ల దగ్గరికి పంపండి. ఏ సీన్‌కి ఈలలు పడేవి, ఏ సీన్‌కి పిల్లలు భయపడేవాళ్లు, ఏ పాటకి వన్స్‌మోర్ అడిగేవాళ్లు, ఇలాంటివి అడగమనండి. "ఎస్వీఆర్ గురించి నాలుగు మాటలు చెప్పండి" అంటే ఎవరైనా పొగుడుతారు, అంతే. రికార్డు చేసే ముందు అనుమతి అడిగి, ఆ అనుమతి మాట కూడా రికార్డులోనే ఉండేలా చూసుకోండి.

అయిదో అడుగు: రోజుని ఎలా విడగొట్టాలి

లెక్క తేలిక. ఒక పత్రానికి పదిహేను నిమిషాలు, ప్రశ్నలకి అయిదు. మొత్తం ఇరవై. నలుగురు మాట్లాడే సెషన్‌కి ఎనభై నిమిషాలు, అధ్యక్షుల మాటలతో కలిపి గంటన్నర. పొద్దున రెండు, భోజనం తర్వాత ఒకటి, అంటే మూడు సెషన్లు, పన్నెండు పత్రాలు. ఒక్క రోజులో ఇంతకంటే పట్టదు. నలభై పత్రాలు తీసుకుని, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలిచ్చి, "మిగతాది సంచికలో చూసుకోండి" అనడం పత్రసమర్పకులకీ వినేవాళ్లకీ అవమానమే. ఎక్కువ మంచి పత్రాలొస్తే రెండు రోజులు చెయ్యండి, లేదా కొన్నింటిని సంపుటికి మాత్రమే తీసుకోండి.

ప్రారంభ సభని నలభై నిమిషాల్లో ముగించాలి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం, ఒక్క కీలకోపన్యాసం. సన్మానాలన్నీ సాయంత్రానికి పెట్టుకోండి. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన కోసం ఆపకండి. మొదటి సెషన్ మొదలుపెట్టేసి, ఆయన వచ్చాక రెండు సెషన్ల మధ్య మాట్లాడించండి. అతిథి నొచ్చుకుంటారేమో అని టెన్షన్ పడతారు గానీ, ముందే ఫోన్‌లో చెప్పి ఉంచితే ఎవరూ ఏమీ అనుకోరు.

భోజనం తర్వాతి గంట అందరికీ తెలిసిన గండం. ఆ సమయంలో పత్రం చదివించొద్దు. లైట్లు ఆర్పి క్లిప్పులు ఆడించే సెషన్ అక్కడ పెట్టండి, మూడో పత్రాల సెషన్ దాని తర్వాతే. మిమిక్రీ, పాటలు, ఏకపాత్రాభినయం ఉంటే సాయంత్రం ముగింపు సభకి ముందు. కీచకుడి సంభాషణ అనుకరించేవాళ్లు మన దగ్గర ఊరికొకరు ఉంటారు, జనం కదలకుండా కూర్చుంటారు. పగటి సెషన్లలోకి మాత్రం రానివ్వకండి.

ఆరో అడుగు: క్లిప్పులు

నటుడి మీద సదస్సులో క్లిప్పే అసలు సాక్ష్యం. ఇక్కడ చేసినంత శ్రమ ఇంకెక్కడా చెయ్యక్కర్లేదు.

ముందు టెక్నికల్ సంగతులు. ప్రతి వక్త దగ్గర్నుంచి సినిమా పేరు, సీన్, మొదలయ్యే నిమిషం, ముగిసే నిమిషం రెండు వారాల ముందే తీసుకోండి. ఒక్కో క్లిప్ మూడు నిమిషాలు దాటొద్దు. క్లిప్పుల మనిషి అన్నింటినీ కోసి, వరస నంబర్లతో పేర్లు పెట్టి, ఒకే ల్యాప్‌టాప్‌లో ఒకే ఫార్మాట్‌లో ఉంచాలి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో. హాల్లో వైఫై ఉంది కదా అని యూట్యూబ్ నుంచి నేరుగా ఆడిస్తే సరిగ్గా ఘటోత్కచుడు నోరు తెరిచే సమయానికి ప్రకటన వస్తుంది.

పాత సినిమాల తెర దాదాపు చతురస్రంగా ఉంటుంది. ప్రొజెక్టర్ సెట్టింగ్ మార్చకపోతే బొమ్మ అడ్డంగా సాగిపోతుంది. ఎస్వీఆర్ విగ్రహం గురించే సదస్సు పెట్టి, ఆయన్ని ఇంకో పావు వంతు లావుగా చూపిస్తే ఎలా? పక్కన నల్లటి ఖాళీ ఉన్నా ఫర్వాలేదు, అసలు నిష్పత్తిలోనే చూపించండి. 'మాయాబజార్'కి రంగులద్దిన ప్రింట్ 2010లో విడుదలైంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కెమెరా గురించో లైటింగ్ గురించో మాట్లాడేవాళ్లు మాత్రం నలుపు–తెలుపు ప్రింటే వాడాలి. ఆ సినిమా కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే వెలుగునీడలు పరిచింది దానికోసమే.

సౌండ్ కోసం ల్యాప్‌టాప్ ముందు మైకు పెట్టడం ఇప్పటికీ చూస్తుంటాం. అలా చేస్తే గొంతులో ఉన్న గాంభీర్యమంతా పోయి గరగర మాత్రం మిగులుతుంది. హాల్ మిక్సర్‌కి నేరుగా కేబుల్ ఇప్పించండి. ముందురోజు సాయంత్రం చివరి వరసలో కూర్చుని ఒక్కో క్లిప్ విని చూడండి.

ఇక క్లిప్పుని చూపించే పద్ధతి. మన వక్తలు చాలామంది చెప్పాల్సిందంతా చెప్పేసి, చివర్లో "ఇప్పుడు ఆ దృశ్యం చూద్దాం" అంటారు. జనం చూసి చప్పట్లు కొడతారు, వక్త దిగిపోతాడు. అలా కాదు. మొదట ఏమీ చెప్పకుండా ఆడించండి. తర్వాత ఏం గమనించారో హాలుని అడగండి. ఆ తర్వాత వక్త తన మాట చెప్పి, అదే క్లిప్పుని రెండోసారి ఆపుతూ ఆపుతూ చూపించాలి.

ఒక ఉదాహరణ చూడండి. ఎస్వీఆర్ నటన అర్థం కావాలంటే ఎస్వీఆర్ లేని సీన్లు చూడాలి అంటాను నేను. 'మాయాబజార్' రెండో సగంలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలో కూర్చుంటాడు. తెర మీద ఉన్నది సావిత్రి. ఆమె చెయ్యాల్సిన పని శశిరేఖలా ఉండటం కాదు, శశిరేఖ వేషంలో ఇరుక్కున్న ఎస్వీఆర్‌లా ఉండటం. ఉన్నట్టుండి భుజాలు విరుచుకుంటుంది, అడుగు బరువుగా పడుతుంది, కనుబొమ ఎగరేస్తుంది, ఎవరైనా చూస్తున్నారని గుర్తొచ్చి చటుక్కున నాజూకైపోతుంది. 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరడం కూడా ఆ ఆటలో భాగమే. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు రేలంగి ముఖం చూసి నవ్వుతాం గానీ, ఆ తొక్కుడులో ఉన్న బరువు ఎస్వీఆర్‌ది.

ఇప్పుడు వరసగా రెండు క్లిప్పులు ఆడించండి. మొదట ఘటోత్కచుడిగా ఎస్వీఆర్ నడిచొచ్చే సీన్, వెంటనే సావిత్రి సీన్. సావిత్రి ఆయన నుంచి ఏమేం తీసుకుందో హాల్లో ఉన్నవాళ్ల చేత చెప్పించండి. ఒక మంచి నటి మరో నటుణ్ణి అనుకరించేటప్పుడు అన్నీ తీసుకోదు, చూసేవాళ్లు ఇట్టే గుర్తుపట్టే నాలుగైదు గుర్తులే ఏరుకుంటుంది. ఆ ఏరుకున్నవే 1957 నాటికి ప్రేక్షకుల మనసులో "ఎస్వీఆర్" అంటే ఏమిటో చెప్పే జాబితా. ఈ ఒక్క పోలిక మీద అరగంట చర్చ నడుస్తుంది, నడవనివ్వండి.

తెలుగు–తమిళ రూపాల పోలిక కూడా ఇలాగే చెయ్యాలి. 'మిస్సమ్మ' తెలుగులో ఎదురుగా ఎన్టీఆర్, తమిళ 'మిస్సియమ్మ'లో జెమినీ గణేశన్. జమీందారు మాత్రం ఇద్దరికీ ఎస్వీఆరే. ఒకే సీన్ రెండు భాషల్లోవి పక్కపక్కన ఆడించి, ఎదుటి నటుడు మారితే ఈయన నిదానం మారిందా, చూపు ఆగే చోటు మారిందా అని చూడాలి. తమిళ క్లిప్పుకి తెలుగు సబ్‌టైటిల్స్ వెయ్యడం మర్చిపోవద్దు. ఆ పని ఒక విద్యార్థికి ఇస్తే రెండు రోజుల్లో అయిపోతుంది.

ఏడో అడుగు: హక్కుల సంగతి

మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి రక్షణ, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1963లో వచ్చిన 'నర్తనశాల' లెక్క 2023తో ముగిసింది. 1967 నాటి 'చదరంగం'ది 2027 చివరిదాకా ఉంటుంది. 1958కి ముందు వచ్చిన సినిమాలకి పాత చట్టం మెలికలున్నాయి. రంగులద్దిన ప్రింట్లు, కొత్తగా రీస్టోర్ చేసినవి మళ్లీ వేరే. పాటల సాహిత్యానికి విడిగా లెక్క చూడాలి. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పింగళి 1971లో పోయారు కాబట్టి ఆయన మాటలకి 2031 దాకా రక్షణ ఉంది.

విమర్శ కోసం, పరిశోధన కోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. రెండు మూడు నిమిషాల క్లిప్ చూపించి దాని మీద మాట్లాడటం ఈ దారిలోకి వస్తుంది. పూర్తి సినిమా ఆడించడం రాదు, దానికి హక్కుదారు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. సాయంత్రం ఆర్కెస్ట్రా పెట్టి పాటలు పాడిస్తే దాని లైసెన్స్ సంగతి వేరుగా చూసుకోవాలి. సందేహముంటే లాయర్‌ని ఒకసారి అడగండి.

లైవ్ పెట్టేట్టయితే ఇంకో జాగ్రత్త. క్లిప్పులోని పాటో సంభాషణో వినగానే యూట్యూబ్ దానంతటదే ప్రసారాన్ని ఆపేసే ప్రమాదముంది. క్లిప్ ఆడేటప్పుడు లైవ్‌లో సౌండ్ తీసేసి కెమెరాని వక్త మీదికి తిప్పమని ముందే చెప్పి ఉంచండి.

ఎనిమిదో అడుగు: డబ్బు

హాలు, సౌండ్, ప్రొజెక్టర్, వక్తల ప్రయాణం, బస, భోజనాలు, ప్రింటింగ్, వీడియో. ఖర్చు తగ్గించాల్సి వస్తే ముందు మెమెంటోలు తగ్గించండి, తర్వాత ఫ్లెక్సీలు. సౌండ్‌లోనూ వీడియోలోనూ మాత్రం తగ్గించొద్దు. స్పాన్సర్ పేరు బ్యానర్ మీద వెయ్యొచ్చు గానీ, స్పాన్సర్‌కి మైకు ఇవ్వాలన్న షరతు ఒప్పుకోకండి.

తొమ్మిదో అడుగు: ఆ రోజు

సెషన్ అధ్యక్షుల్ని ఎంచుకునేటప్పుడు పాండిత్యం కన్నా గడియారం చూసే అలవాటు ముఖ్యం. పన్నెండో నిమిషంలో "ఇంకా మూడు నిమిషాలు" అన్న చీటీ, పదిహేనులో గంట. ఈ సంగతి వక్తలందరికీ ముందురోజు ఫోన్ చేసి చెప్పాలి, అప్పుడు ఎవరి మీదా కత్తి కట్టినట్టు అనిపించదు. అధ్యక్షులు ప్రతి పత్రం తర్వాత దాని సారాంశం తిరిగి చెప్పడం మన ఆనవాయితీ. మానెయ్యమనండి, ఆ టైం ప్రశ్నలకి వస్తుంది.

ప్రశ్నల దగ్గర మనవాళ్లు రెండు రకాలు. అసలు అడగనివాళ్లు, మైకు తీసుకుని ఇంకో ఉపన్యాసం ఇచ్చేవాళ్లు. మొదటివాళ్ల కోసం హాల్లో కాగితాలు పంచి, ప్రశ్న రాసి పంపమనండి. సిగ్గుపడే విద్యార్థుల దగ్గర్నుంచే మంచి ప్రశ్నలొస్తాయి. రెండోవాళ్ల కోసం, మైకు వాలంటీర్ చేతిలోనే ఉండాలి, అడిగేవాళ్ల చేతికి ఇవ్వకూడదు.

బయట వరండాలో చిన్న ప్రదర్శన పెడితే టీ బ్రేక్‌లో జనం చెదిరిపోరు. పోస్టర్లు, పాటల పుస్తకాలు, పత్రికల ముఖచిత్రాలు, 2013లో భారతీయ సినిమా వందేళ్ల సందర్భంగా తపాలా శాఖ విడుదల చేసిన స్టాంపుల్లోని ఎస్వీఆర్ స్టాంపు. అసలు వస్తువుల్ని సేకర్తల దగ్గర్నుంచి తెస్తే రశీదు రాసివ్వండి, గాజు కింద పెట్టండి, ఒక మనిషిని కాపలా ఉంచండి. స్కాన్ చేసి ప్రింట్ తీసినవి పెడితే ఈ తలనొప్పి లేదు.

పదో అడుగు: సంపుటి

సదస్సు రోజుకే పుస్తకం అచ్చులో రావాలన్న పట్టుదల చాలా చోట్ల ఉంటుంది. నేను దానికి వ్యతిరేకిని. ఆ రోజు చర్చలో తేలిన తప్పులు, కొత్త ఆధారాలు పత్రాల్లోకి ఎక్కాలి కదా. ఆ రోజు సంగ్రహాల చిన్న పుస్తకం చాలు. తర్వాత పత్రసమర్పకులకి నెల రోజులు గడువిచ్చి, సవరించిన పత్రం పంపమనండి. సగం మంది గడువు దాటిస్తారు, కాబట్టి చెప్పే తేదీ మీకు కావలసిన తేదీకి పదిహేను రోజులు ముందుండాలి.

ఎడిటింగ్‌లో చెయ్యాల్సిన ముఖ్యమైన పని, మూడో అడుగులో రాసుకున్న కాలపట్టికతో ప్రతి పత్రాన్నీ సరిచూడటం. సినిమా పేర్లు, పాత్రల పేర్లు అంతటా ఒకే స్పెల్లింగ్‌లో ఉండాలి. సీన్ ప్రస్తావించిన ప్రతిచోటా ఏ ప్రింట్‌లో ఎన్నో నిమిషమో వేస్తే చదివేవాళ్లు తామే చూసుకుంటారు. ఆ సవరించిన కాలపట్టికని పుస్తకం చివర అనుబంధంగా వెయ్యండి. పత్రాల సంగతేమో గానీ, దానికోసం పుస్తకం కొనేవాళ్లుంటారు.

పుస్తకానికి ఐఎస్‌బీఎన్ (గుర్తింపు సంఖ్య) తీసుకోండి. పుస్తకం వచ్చాక కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మిగతా గ్రంథాలయాలకి కాపీలు పంపాలి, ప్రచురణకర్త బాధ్యత అది. మీరు ఆధారాలు వెతికిన గ్రంథాలయాలకి కూడా తలా ఒకటి ఇవ్వండి. విద్యార్థులు రికార్డు చేసుకొచ్చిన ప్రేక్షకుల మాటల్ని ఫోన్లలోనే వదిలెయ్యకుండా, మాట్లాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాసిన కాగితంతో సహా హార్డ్‌డిస్క్‌లో పెట్టి కాలేజీ లైబ్రరీలో నమోదు చేయించండి. ఆ విద్యార్థులు పాసై వెళ్లిపోయే లోపే ఈ పని అయిపోవాలి.